కారం వెతుక్కుంటూ మూడు ఊళ్ళు

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి నంద్యాల స్టేషన్లో గుంటూరు రైలెక్కాం. మేమంటే నేనూ, శారదా. ఇద్దరం ఒకే హైస్కూల్లో పనిచేస్తాం. నేను తెలుగు, తను లెక్కలు. తన పుట్టిల్లు బాపట్ల. ఉద్యోగం వచ్చి నంద్యాల చేరి పంతొమ్మిదేళ్ళయింది. మొన్నమొన్నటిదాకా మధ్యాహ్నం స్టాఫ్‌రూములో మా క్యారియర్లు పక్కపక్కనే తెరుచుకున్నాయి. పక్కపక్కనే ఒకటే పేచీ నడిచింది. ఎవరిది అసలైన కారం?

జొన్నరొట్టెలోకి ఎర్రకారం, బొరుగుల ఉగ్గాణిలోకి మిరపకాయ బజ్జీ తిని పెరిగిన నోరు నాది. శారదది గోంగూర, పండుమిరపకాయల కొరివికారం, చేపల పులుసు తిన్న నోరు. "మీది ఒట్టి మంట అక్కా. కడుపులో కుంపటి పెట్టినట్టుంటుంది, అంతే" అనేది తను. "మీ కారానికి చింతపండు ఊతం లేకపోతే నిలబడలేదు" అనేదాన్ని నేను. మిగతా టీచర్లు నవ్వుకుంటూ ఇద్దరి గిన్నెల్లోంచీ వడ్డించుకునేవాళ్ళు.

ఏడాదిన్నర కిందట నా నాలుక పక్కన మానని పుండొకటి లేచింది. కర్నూల్లో చిన్న ఆపరేషన్ చేశారు, తర్వాత ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. పుండు పోయింది. దాంతోపాటు రుచీ పోయింది. పంచదార నోట్లో ఇసుకలా ఉండేది, పెరుగు తడి సున్నంలా ఉండేది. పళ్ళు తోముకునే పేస్టుకే నోరు మండిపోయేది. ఉప్పు చూడలేని మనిషి వంటెలా చేస్తుంది? పొయ్యి మా ఆయనకి అప్పజెప్పాను. ఆయన పాపం పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, జావ, ఈ మూడింటినీ మార్చి మార్చి పెట్టేవారు. స్టాఫ్‌రూములో నేను కిటికీ పక్క బల్లకి మారిపోయాను. అందరి గిన్నెల వాసనా ముక్కుకి తెలుస్తూ నోటికి మాత్రం ఏమీ తెలియకపోవడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పలేదు.

జనవరిలో డాక్టరు చూసి, "ఇక కొద్దికొద్దిగా అన్నీ తినొచ్చమ్మా. రుచి కొందరికి త్వరగా వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. తిని చూడాల్సిందే" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి తినడానికి మరీ భయమేసింది. తినకుండా ఉన్నంతకాలం రుచి వస్తుందేమోనన్న ఆశ ఉంటుంది కదా. తిన్నాక తెలియకపోతే?

ఈ సంగతి ఒక్క శారదకే చెప్పాను. వెంటనే పై నెల క్యాలెండరు తీసింది. "రెండో శనివారం, ఆదివారం, సోమవారం ఒక సెలవు. తెనాలి, బాపట్ల, రేపల్లె తిప్పుతా. మా కారానికి కూడా నీ నాలుక లేవకపోతే ఓడిపోయానని స్టాఫ్‌రూములో అందరి ముందూ ఒప్పుకుంటా" అంది.

అలా బయల్దేరాం.

గాజులపల్లె దాటాక రైలు నల్లమలలోకి దూరింది. మోదుగలు అప్పుడే పూస్తున్నాయి. సొరంగాలు వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెట్టారు. గిద్దలూరులో ఒక పెద్దమనిషి ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. మీసం తెల్లబడినా నడుం నిటారుగానే ఉంది. పేరు ఓబులేసు అని చెప్పాడు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు వంటవాడిగా పనిచేసి వచ్చాడట. ఆ వైపు ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊళ్ళున్నాయి. వంటవాడు దొరకడంతో శారద వదల్లేదు. దేశమంతా తిరిగారు కదా, అందరికంటే కారం తినేవాళ్ళెవరని అడిగింది.

ఆయన తొందరపడకుండా జవాబిచ్చాడు. "కాయ చూసి చెప్పమంటే నాగాలాండమ్మా. బొటనవేలంత కాయ, చర్మం గరుగ్గా ఉంటుంది. ఇరవై మంది పప్పుకి ఒక్కటే చాలు. అది కూడా తొడిమ పట్టుకుని రెండు తిప్పులు తిప్పి తీసేసేవాణ్ణి. కానీ వాళ్ళు దాన్ని ఎండుచేపతో నూరుకుని తింటారు. ముందు పండు వాసన వస్తుంది, తర్వాత పిడుగు పడుతుంది."

"రాజస్థాన్‌లో?"

"అక్కడ మాంసం ఎర్రగా నిప్పులా కనపడుతుంది. తింటే అంతుండదు. రంగు కాయ, పైగా నెయ్యి. కొల్హాపూర్‌లో కూర పక్కన గిన్నెలో రసం ఇస్తారు, దాని మీద వేలు మందాన ఎర్ర నూనె తేలుతుంటుంది. అది తాగినవాడు మొగాడు." ఆయన నవ్వి మళ్ళీ అన్నాడు. "కారం తినడం పౌరుషం అనుకునేవాళ్ళు అన్ని చోట్లా ఉంటారమ్మా. వాళ్ళకి వండటం తేలిక. ఇంకో గుప్పెడు వేస్తే సరిపోతుంది. కారంగానూ ఉండాలి, రెండోసారి అడగాలి అంటే మాత్రం వంటవాడికి పని తెలియాలి."

నా సంచిలో పెరుగన్నం డబ్బా ఉంది. మార్కాపురంలో ఆయన పులిహోర తీసి పంచబోతే కడుపు బాగాలేదని అబద్ధం చెప్పాను.

వినుకొండ దాటినప్పటినుంచి పట్టాల పక్క పొలాలు ఎర్రబడ్డాయి. కోసిన మిరపకాయల్ని కల్లాల్లో ఆరబోశారు. దుప్పటి పరిచినట్టు ఎకరాలకి ఎకరాలు ఎరుపే. ఆడవాళ్ళు తలకి గుడ్డలు చుట్టుకుని ఆ ఎరుపు మధ్యలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కిటికీలోంచి వచ్చే గాలిలోనే ఘాటుంది. పెట్టెలో సగంమంది తుమ్మారు.

పన్నెండు ముప్పావుకి గుంటూరు చేరాం. స్టేషన్ నుంచి ఆటోలో బస్టాండుకి వెళ్ళి తెనాలి బస్సెక్కాం. గంట ప్రయాణం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు బస్సులో ఎడమ వైపు కూర్చోవాలని ముందే అనుకోండి. మధ్యాహ్నం ఎండ కుడివైపు వాళ్ళని వదలదు. తెనాలిలో స్టేషన్‌కి దగ్గర్లోనే లాడ్జి దొరికింది. రెండు మంచాల గది తొమ్మిది వందలు. శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళు ఉదయం ఎనిమిది దాకా ఇస్తారు.

సాయంత్రం అయిదున్నరకి కాలవ గట్టు వైపు నడిచాం. వంతెన పక్కన భార్యాభర్తలు నడిపే బజ్జీల బండి ఉంది. బండి చుట్టూ రెండు వరసల జనం. ఆయన పిండిలో ముంచి నూనెలో వేస్తుంటే ఆవిడ వేగిన బజ్జీని నిలువునా చీల్చి, లోపల ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం, చిటికెడు కారం కూరి ఇస్తోంది. మిరపకాయ బజ్జీలోకి మళ్ళీ కారమా అని అడిగితే, "కాయలో కారం కాయదండి. ఇది మాదండి" అంది.

శారద రెండు తీసుకుని ఒకటి నా చేతిలో పెట్టింది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి. చిన్న ముక్క కొరికాను.

నిప్పుకణిక నోట్లో పడినట్టయింది. నాలుకా, చిగుళ్ళూ, బుగ్గలోపలా అన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. శారద బెదిరిపోయి మజ్జిగ ప్యాకెట్టు కోసం పరిగెత్తింది. బండావిడ పంచదార తెచ్చి చేతిలో పోసింది. మంట తగ్గడానికి పది నిమిషాలు పట్టింది. నేను కాలవ గోడ మీద కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను. మంటకే ఏడుస్తున్నానని శారద అనుకుంది.

"సారీ అక్కా. నాదే తప్పు. ముందే అంత ఘాటైంది పెట్టకుండా ఉండాల్సింది."

"మంటకి కాదు శారదా" అన్నాను. "మంట బాగానే తెలిసింది. మిరపకాయే తెలియలేదు. శెనగపిండి తెలియలేదు, ఉల్లిపాయ తెలియలేదు, నిమ్మకాయ తెలియలేదు. అగ్గిపుల్లతో కాల్చినా ఇంతేగా ఉంటుంది."

తను వచ్చి నా పక్కన కూర్చుంది. కారం రుచి కాదనీ, అదొక నొప్పి మాత్రమేననీ సైన్సు టీచరు ఒకసారి స్టాఫ్‌రూములో చెప్పాడు. అప్పుడు నవ్వాం. ఆ సాయంత్రం నాకు అర్థమైంది. రుచి లేకుండా కారం తింటే మిగిలేది ఆ నొప్పి ఒక్కటే.

ఆదివారం పొద్దున్న తిరిగి వెళ్ళిపోదామన్నాను. శారద వినలేదు. ఏడు గంటలకి టిఫిన్ తిన్నాం. తను నెయ్యి కారప్పొడి ఇడ్లీ, నేను ఒట్టి ఇడ్లీ. "రైలు పది గంటలకి. ఈలోగా ఒక చోటుకి వెళ్దాం, తినక్కర్లేదు, చూస్తే చాలు" అని కారం మరకి తీసుకెళ్ళింది. సీజను కావడంతో ఆదివారం కూడా నడుస్తోంది. బయట ఆడవాళ్ళు గోనెసంచులతో, స్టీలు డబ్బాలతో వరసలో నిలబడ్డారు. మర నడిపేది రత్తమ్మ. యాభై దాటిన మనిషి. ముక్కుకి గుడ్డ కూడా లేదు. గడపలో నిలబడ్డ నేను తుమ్ముల మీద తుమ్ములు తుమ్ముతుంటే చూసి నవ్వి, "కొత్తవాళ్ళా అమ్మా?" అంది.

"కర్నూలు వైపండి" అంది శారద.

"అయితే కొత్తేం కాదే! మీ వైపు కారం గట్టిదంటారుగా."

కాయల గుట్టల దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. సన్నగా పొడుగ్గా ఉండేవి ఘాటుకట. లావుగా ముడతలు పడ్డవి రంగుకట. రెండూ ఎంతెంత కలపాలో ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉందట. మెంతులు, ధనియాలు, వెల్లుల్లి కొందరు పట్టించేటప్పుడే కలిపిస్తారు, కొందరు ఇంటికెళ్ళాక దంచుకుంటారు. వరసలో ఒకావిడ తన డబ్బా ముందుకు తోసి, "మా అమ్మాయికి హైదరాబాదు పంపాలి, ఘాటు తగ్గించి రంగు పెంచు రత్తమ్మా" అంది. రత్తమ్మ మొహం చిట్లించుకుంటూనే ఆ ప్రకారం కలిపింది.

మంచి కారం అంటే ఏంటండీ అని శారద అడిగింది.

రత్తమ్మ మర ఆపి మరీ చెప్పింది. "మధ్యాహ్నం తింటే సాయంత్రం దాకా గుర్తుండాలి. మర్నాడు పొద్దున్న మాత్రం గుర్తుకు రాకూడదు."

వరసలో ఉన్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వొచ్చాక వెనక్కి వెళ్ళిపోదామన్న మాట మళ్ళీ ఎత్తబుద్ధి కాలేదు.

పది గంటల పది నిమిషాల రైలు పావుగంట ఆలస్యంగా వచ్చింది. నిడుబ్రోలు మీదుగా పదకొండుంబావుకల్లా బాపట్లలో దిగాం. శారద పుట్టింటివాళ్ళు ఇప్పుడు అక్కడ లేరు. తనకి చిన్నప్పుడు సంస్కృతం చెప్పిన వేదవతి గారి ఇంటికి భోజనానికి వెళ్తున్నాం. ఆవిడ భర్త గుడిలో అర్చకులు. ఆవిడ ఉద్యోగం మానేశాక ఆర్డర్ల మీద వంట చేసి పంపుతున్నారు. ఉల్లి, వెల్లుల్లి ఆ ఇంటి గడప తొక్కవు. నా జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని శారద దగ్గర ముందే మాట తీసుకున్నాను. జాలిపడి వడ్డించే అన్నం తినబుద్ధి కాదు.

పన్నెండున్నరకి విస్తళ్ళు వేశారు. అర్చకులు గారు పక్కనే కూర్చున్నారు. నేను కారం తక్కువ తింటానని శారద చెప్పింది. వేదవతి గారు ఆశ్చర్యపోయారు.

"రాయలసీమ మనిషై ఉండి కారం తినకపోవడమేంటమ్మా? సరే, మిరపకాయ పడదంటే మా ఇంట్లో మిరపకాయ లేని కారాలు మూడున్నాయి. మిరియాలు గొంతులో తెలుస్తాయి. అల్లం గుండెల్లో తెలుస్తుంది. ఆవ ముక్కులోకెళ్తుంది. మిరపకాయొక్కటే నాలుక మీద కూర్చుని పేచీ పెడుతుంది. మిరపకాయ రాకముందు కూడా మనవాళ్ళు కారం తిన్నారు కదా."

ముందు మిరియాల చారు రెండు చెంచాలు తాగాను. గొంతులో వెచ్చగా దిగింది. నోరు మండలేదు. ధైర్యం వచ్చి పనసపొట్టు కూర ముద్ద కలిపాను. ఆవ పెట్టిన కూర. నోట్లో పెట్టుకోగానే నాలుకని అసలు ముట్టుకోకుండా ఘాటు తిన్నగా ముక్కులోకెక్కి నడినెత్తిన తాకింది. ఉలిక్కిపడి తలెత్తాను. ఆ ఘాటు వచ్చినంత వేగంగానూ దిగిపోయింది. అది దిగాక నాలుక వెనక ఏదో మిగిలింది. మంట కాదది. రెండో ముద్ద పెట్టుకున్నాను. మళ్ళీ అదే. నాకు తెలియకుండానే మాట బయటికొచ్చేసింది.

"చేదుగా ఉంది."

వేదవతి గారి మొహం ఎర్రబడింది. విస్తరి ముందు కూర్చుని కొత్తగా వచ్చిన అతిథి అనే మాటేనా అది? అర్చకులు గారు తల వంచుకుని చారన్నం మరింత శ్రద్ధగా కలుపుకోసాగారు.

శారద మాత్రం ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. "ఏంటక్కా? ఏమన్నావ్? మళ్ళీ చెప్పు!"

"చేదుగా ఉంది శారదా. చేదు తెలుస్తోంది!"

శారద ఏడుస్తూ నన్ను వాటేసుకుంది. ఇద్దరం అలా ఏడుస్తుంటే కూర చేదెక్కినందుకు ఇంత సంబరమేమిటో ఆ దంపతులకి పాపం అర్థం కాలేదు. ఇక దాచడం మర్యాద కాదని జరిగిందంతా నేనే చెప్పాను. వేదవతి గారు తన విస్తట్లో కొంచెం కూర వేసుకుని నోట్లో పెట్టుకున్నారు. భర్త వైపు తిరిగారు.

"ఆవ చేదెక్కింది. మిక్సీలో వేశాను, వేడెక్కి ఉంటుంది. మీకు తెలియలేదా?"

"తెలిసింది" అన్నారాయన నెమ్మదిగా. "చెప్పే ధైర్యం నాకు ముప్పై ఏళ్ళుగా లేదు."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. "రోట్లో రుబ్బుంటే ఈ పిల్లకి ఏమీ తెలిసేది కాదేమో. ఇవాళ నా మిక్సీకి మొక్కాలి" అన్నారు. నాకు యాభై రెండేళ్ళు. నన్ను పిల్ల అనేవాళ్ళు దొరికి చాలా కాలమైంది. ఆ కూర మొత్తం తిన్నాను. అంత చేదుగా ఉన్న కూర నేను మళ్ళీ తినలేదు, అంత ఇష్టంగానూ తినలేదు.

ఆ సాయంత్రం సముద్రం చూడటానికి సూర్యలంక వెళ్ళాం. బస్సుకంటే షేర్ ఆటోలే ఎక్కువ. గాలికి పెదాల మీద చేరిన ఉప్పుని నాకి చూశాను. తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. నిజమేదో, నా ఆశేదో తేల్చుకోలేక ఊరుకున్నాను. రాత్రికి వేదవతి గారు మమ్మల్ని లాడ్జికి పోనివ్వలేదు.

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకి బాపట్ల బస్టాండులో రేపల్లె బస్సు దొరికింది. చెరుకుపల్లి మీదుగా రెండు గంటల దాకా పడుతుంది. రోడ్డుకి ఒక పక్క కాలవ, రెండో పక్క మినుము చేలు. నా పక్కన ఒక చేపల వ్యాపారి కూర్చుంది. కాళ్ళ దగ్గర ఖాళీ బుట్ట ఉంది. రేపల్లెలో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, "నా చేపలు కొనేవాళ్ళలో జయమ్మకి మించిన చెయ్యి లేదమ్మా. స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు. బోర్డుండదు, జనముంటారు" అంది.

అలాగే ఉంది. పదకొండింటికే నాలుగు బల్లలూ నిండుతున్నాయి. ఊరి లాయరొకాయన, ఇద్దరు బ్యాంకువాళ్ళు, గడ్డిమోపు బయట దించి వచ్చిన రైతు, అందరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. జయమ్మ నలభై అయిదేళ్ళ మనిషి. చెవులదాకా కొంగు చుట్టుకుంది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. చోటు ఖాళీ అయ్యేదాకా కూర్చోమని లోపల పొయ్యి దగ్గర మాకు పీటలు వేసింది. ఎదురుగా వెడల్పాటి మట్టిచట్టిలో కొరమీను పులుసు ఉడుకుతోంది. పక్క చట్టిలో నిన్నటిది. నిన్నటి పులుసుకే ముందుగా వచ్చి అడిగేవాళ్ళున్నారట.

"ఎవరైనా కారం ఎక్కువైందంటారా?" అని శారద అడిగింది.

"అంటారండి. నీళ్ళిస్తాను. కారం తగ్గిందన్న రోజు మాత్రం నాకు నిద్రపట్టదండి."

పులుసు దించే వేళకి జయమ్మ గరిటెతో కొంచెం తీసి ఊదింది. నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. నా వైపు తిరిగి, "అక్కా, చెయ్యి పట్టు. నాలుగు రోజులుగా జలుబు, నాకేం తెలియట్లేదు. ఉప్పు చూసిపెట్టు" అంది.

శారద నా మొహంలోకి చూసింది. చెయ్యి చాపాను. అరచేతిలో వేడి పులుసు చుక్క పడింది. నాలుకకి తగిలించాను.

ముందు మంట వచ్చింది. తెనాలిలో వచ్చినంత మంటే. కళ్ళు మూసుకుని ఓర్చుకున్నాను. అది నెమ్మదించే లోపలే దాని వెనక నుంచి పులుపు వచ్చింది. చింతపండు పులుపు, పాతది, కాస్త నల్లటి పులుపు. ఆ వెనక మెంతి. దాని వెనక చేప తియ్యదనం, సన్నగా. ఒకరి వెనక ఒకరు తలుపు తోసుకుని వస్తున్న చుట్టాల్లా వచ్చాయి. అందరూ వచ్చాక ఒకరు రాలేదని తెలిసింది.

"ఉప్పు తగ్గింది" అన్నాను. "ఒక చిటికెడు. మరీ ఎక్కువ వద్దు."

జయమ్మ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి చిటికెడు వేసి కలిపింది. మళ్ళీ చుక్క వేసింది. చూశాను. "సరిపోయింది."

"లాయరు గారూ!" అని కేకేసింది జయమ్మ. ఆయన విస్తట్లో ఆ పులుసు పోసి నిలబడింది. ఆయన ఒక ముద్ద తిన్నాడు, నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఇవాళ బావుంది జయమ్మా. రెండ్రోజులుగా ఉప్పు కషాయంలా పోస్తున్నావు, ఏమంటామని ఊరుకున్నాం" అన్నాడు.

శారద పీట మీద నుంచి లేచి బయటికెళ్ళిపోయింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. తన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అంది.

ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. చెమటతో జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. మధ్యమధ్య మజ్జిగ తాగాను, ఆగాను, మళ్ళీ కలుపుకున్నాను. అన్ని ముద్దలూ ఒకేలా తెలియలేదు. కొన్ని ముద్దల్లో చేప జాడే లేదు, ఒక ముద్దలో మాత్రం అన్నీ ఉండేవి. ఆ ఒక్క ముద్ద కోసం మిగతావి తిన్నాను. పంతొమ్మిదేళ్ళుగా తన వైపు కారం గురించి గొప్పలు చెప్పిన శారద సగంలోనే చేతులెత్తేసి పెరుగన్నంలోకి దిగింది. ఇద్దరి భోజనానికి మూడు వందల ఇరవై అయింది. ఉప్పు చూసినందుకు నా భోజనానికి తీసుకోనని జయమ్మ మొండికేసింది. బలవంతాన ఇచ్చి, గుంటగలగరాకు కషాయం జలుబుకి మంచిదని చెప్పి బయటపడ్డాను.

రెండు నలభైకి రేపల్లె నుంచి తెనాలి రైలు. రేపల్లెలోనే బయల్దేరుతుంది కాబట్టి చోటు తేలిగ్గా దొరుకుతుంది. కిటికీ పక్కన కూర్చున్నాం. నోరింకా మండుతూనే ఉంది. పెదాలు కొంచెం వాచాయి.

"సరే అక్కా, ఇప్పుడు చెప్పు. ఎవరిది అసలు కారం?" అంది శారద.

సీసాలో నీళ్ళు ఒక గుక్క తాగి చెప్పాను. "మీ వైపు మిరపకాయ ఒంటరిగా రాదు శారదా. వెనకాల పులుపుని, మెంతిని, ఆవని వెంటబెట్టుకుని వస్తుంది. మా వైపు అది ముందు వరసలో నిలబడి తనెవరో సూటిగా చెబుతుంది. ఇన్నాళ్ళూ మంట ఎంత ఉందో చూసి కొట్లాడుకున్నాం. మంట ఎవరైనా పెట్టగలరు. మంట తర్వాత ఏముందో చూపించగలిగితే అది కారం. మీవాళ్ళు బాపట్లలోనూ, రేపల్లెలోనూ అది చూపించారు. మావాళ్ళు కూడా చూపిస్తారు. ఇంటికెళ్ళాక ఎర్రకారం నూరి తెస్తా."

"అంటే గెలిచిందెవరు?"

"లెక్కల టీచరువి, నువ్వే తేల్చు."

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మూడు రోజులు చాలు, పెద్ద ఖర్చు కాదు. మిరపకాయల కాలంలో వెళ్ళండి. బోర్డులున్న హోటళ్ళ కంటే వండేవాళ్ళు కనిపించే చోట కూర్చోండి. అడిగితే చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. వాళ్ళు వడ్డిస్తూ మన మొహంలోకి చూసే చూపుంటుంది. చెమట పడుతోందా అని కాదు వాళ్ళు చూసేది. చెయ్యి మళ్ళీ అన్నంలోకి వెళ్తోందా లేదా అని.

వేమూరులో ఒక తల్లి మూడేళ్ళ కూతుర్ని ఎత్తుకుని ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చుంది. డబ్బా మూత తీసింది. ఆవకాయ అన్నం. ఒక వైపు నెయ్యి ఎక్కువ వేసి తెల్లగా, రెండో వైపు తనకోసం ఎర్రగా కలుపుకుంది. తెల్లటి వైపు నుంచి చిన్న ముద్ద తీసి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల రెండుసార్లు నమిలి, "కాలం! కాలం!" అని ఏడుపందుకుంది. తల్లి నీళ్ళు తాగించి, బుగ్గలు తుడిచి, "ఇంక వద్దులే నాన్నా" అని మూత పెట్టబోయింది. రైలు జంపనిలో ఆగింది. పిల్ల ఏడుపాపి తల్లి చెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళతోనే డబ్బాలోకి వంగి చూసి, ఎర్రటి వైపు వేలు పెట్టి, నోరు తెరిచింది.